ఇంటి బీరు సీసాల మూతలు

ఇంట్లో సొంత వాడుక కొరకు తయారు చేసుకొన్న బీరును సీసాలలో నింపి, గాలి చొరబడకుండా మూత బిగించి, కొన్ని వారాల తరువాత తెరిచి వాడుకోవడం అనేక దేశాలలో ఉన్న అలవాటు. ఇందుకు వాడే మూతలలో ముఖ్యమైనవి మూడు. అవి అంచు మడతలు గల లోహపు మూత (క్రౌన్ మూత), తీగ బిగింపు గల పింగాణీ మూత, తీగతో కట్టిన బిరడా. వీటిలో క్రౌన్ మూత అన్నిటికన్నా ఎక్కువగా వాడుకలో ఉన్నది. తెలుగువారికి ఇది సోడా మూతగా, కూల్‌డ్రింకు మూతగా చిరపరిచితం.

కర్మాగారాలలో తయారయ్యే బీరుకు, ఇంటి బీరుకు మూత విషయంలో ఒక ముఖ్యమైన భేదం కలదు. కర్మాగారంలో సాధారణంగా కార్బన్ డయాక్సైడ్ వాయువును ముందే బీరులో కలిపి, ఆ తరువాత సీసాలలో నింపుతారు. ఇంటి బీరులో ఆ వాయువు మూత బిగించిన తరువాత సీసా లోపలే పుడుతుంది. అందువలన మూత బిగించే సమయానికి సీసాలో ఎంత చక్కెర మిగిలి ఉన్నదనే దానిపై బీరు రుచి మాత్రమే కాక, ఆ సీసాను పట్టుకొనే వారి భద్రత కూడా ఆధారపడి ఉంటుంది.

చరిత్ర

సీసాలో బీరు నింపే అలవాటుకు సంబంధించి ఇంగ్లాండులో ఒక కథ ప్రచారంలో ఉన్నది. 16వ శతాబ్దంలో లండన్ సెయింట్ పాల్స్ చర్చికి డీనుగా ఉన్న అలెగ్జాండర్ నోవెల్ చేపలు పట్టడానికి వెళ్ళి, వెంట తీసుకొని వెళ్ళిన బీరు సీసాను గడ్డిలో మరచిపోయాడట. కొన్ని రోజుల తరువాత దానిని తెరవగా తుపాకీ పేలినట్లు శబ్దం వచ్చిందట. 17వ శతాబ్దపు రచయిత థామస్ ఫుల్లర్ ఈ సంగతిని తన పుస్తకంలో వ్రాశాడు. కథలోని నిజం ఎలా ఉన్నా, సీసాలో ఈస్ట్ పని కొనసాగితే ఏమవుతుందో ఇది చక్కగా తెలియజేస్తుంది.

చాలాకాలం వరకు బీరు సీసాలకు చెట్టు బెరడుతో చేసిన బిరడాలే వాడేవారు. లోపలి ఒత్తిడికి బిరడా ఎగిరిపోకుండా దారంతో గాని, తీగతో గాని కట్టేవారు. బిరడా ఎండిపోతే వాయువు కారిపోయేది. 19వ శతాబ్దపు ద్వితీయార్ధంలో సోడా, బీరు వ్యాపారం పెరగడంతో కొత్తరకం మూతల కోసం అమెరికా, ఐరోపా దేశాలలో అనేకమంది ప్రయత్నించారు. వాటిలో నిలిచినవి ఇవి:

* 1872లో ఇంగ్లాండుకు చెందిన హైరం కాడ్ గోళీ సీసాకు పేటెంటు పొందాడు. సీసా మెడలో ఉండే గాజు గోళీని లోపలి వాయువే పైకి నెట్టి రబ్బరు వలయానికి అదిమి ఉంచుతుంది. ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాలలో నేటికీ కనిపించే గోళీ సోడా సీసా ఇదే. ఇది సోడాకు ప్రసిద్ధి చెందినది గాని బీరుకు స్థిరపడలేదు.
* 1875లో న్యూయార్క్‌కు చెందిన చార్లెస్ డి క్విల్‌ఫెల్ట్ తీగ బిగింపు మూతకు పేటెంటు పొందాడు. తరువాత కార్ల్ హట్టర్ దీనికి పింగాణీ బిళ్ళను, రబ్బరు వలయాన్ని జోడించి మెరుగుపరచాడు. నెదర్లాండ్స్‌కు చెందిన గ్రోల్ష్ బీరు ఈ రకపు సీసాతో పేరు పొందింది.
* 1892 ఫిబ్రవరి 2న అమెరికాలోని బాల్టిమోర్ నగరానికి చెందిన విలియం పెయింటర్ క్రౌన్ మూతకు పేటెంటు పొందాడు.

విలియం పెయింటర్ 1838లో మేరీలాండ్ రాష్ట్రంలో జన్మించాడు. హైరం కాడ్ పుట్టిన సంవత్సరం కూడా అదే. పెయింటర్ 1885లోనే ఒకసారి వాడి పారవేసే మరొక రకం మూతను రూపొందించాడు. క్రౌన్ మూత అంతకన్నా చవక, అంతకన్నా గట్టిది. దీని తయారీకి ఆయన బాల్టిమోర్‌లో క్రౌన్ కార్క్ అండ్ సీల్ కంపెనీని స్థాపించాడు. ఈ మూతను తెరిచే పనిముట్టుకు 1894లో వేరుగా పేటెంటు పొందాడు. అనగా మూతను కనిపెట్టిన రెండు సంవత్సరాలకు ఓపెనరుకు పేటెంటు వచ్చినదన్నమాట. పెయింటర్ 1906లో మరణించాడు. ఆయన కంపెనీలో అమ్మకాల ఉద్యోగిగా పనిచేసిన కింగ్ జిలెట్, ఒకసారి వాడి పారవేసే వస్తువు అనే ఆలోచనను అక్కడే గ్రహించి, తరువాత క్షౌరపు బ్లేడును రూపొందించాడు.

మూత నిర్మాణం

క్రౌన్ మూత పలుచని ఉక్కు రేకుతో చేసిన చిన్న పళ్ళెం వంటిది. తుప్పు పట్టకుండా రేకుకు తగరం గాని, క్రోమియం గాని పూత పూస్తారు. అంచు చుట్టూ మడతలు ఉండటం వలన తలక్రిందులు చేసి చూస్తే కిరీటం వలె కనిపిస్తుంది. క్రౌన్ అనే పేరు అందువలన వచ్చినదే. పెయింటర్ కాలపు మూతకు 24 పళ్ళు ఉండేవి. ఇప్పటి మూతకు 21 పళ్ళు ఉంటాయి.

మూతలో రెండు భాగాలు ముఖ్యమైనవి.

* రేకు: ఇది బలాన్ని ఇస్తుంది. బిగించని మూత వెడల్పు సుమారు 32 మి.మీ., ఎత్తు సుమారు 6 మి.మీ. ఉంటుంది. రేకు మందం మిల్లీమీటరులో నాలుగవ వంతుకు కొంచెం తక్కువ.
* లోపలి పొర: గాలి చొరబడకుండా చేసేది ఇదే. మొదట్లో పలుచని బెరడు బిళ్ళను వాడేవారు. 20వ శతాబ్దపు ద్వితీయార్ధంలో దాని స్థానంలో ప్లాస్టిక్ పొర వచ్చింది. కొన్ని మూతల పొరలో, సీసాలో మిగిలిన ఆక్సిజన్‌ను పీల్చుకొనే పదార్థాన్ని కూడా కలుపుతారు.

సీసా మూతి కొలతను బట్టి ఈ మూతలు రెండు కొలతలలో లభిస్తాయి. ప్రపంచమంతటా ఎక్కువగా వాడేది 26 మి.మీ. మూత. షాంపేన్ సీసాలకు, ఐరోపాలోని కొన్ని బీరు సీసాలకు 29 మి.మీ. మూత అవసరం. ఒక కొలత మూతను మరొక కొలత సీసాకు బిగించడం సాధ్యం కాదు. కొత్తగా ఈ పని మొదలుపెట్టేవారు సీసాలను పోగుచేసే ముందే ఈ సంగతి చూసుకోవలసి ఉంటుంది.

మరలు గల క్రౌన్ మూతలు చేతితో త్రిప్పి తీయడానికి ఉద్దేశించినవి. ఆ సీసాల మూతి అంచు పలుచగా, మరలతో ఉంటుంది. ఇంటి పరికరంతో వాటికి మరల మూత వేస్తే గాలి సరిగా ఆగదు. మూతి పగిలే ప్రమాదం కూడా ఉన్నది. అందువలన ఇంటి బీరుకు మరలు లేని సీసాలనే ఎంచుకోవాలి.

సీసాలో వాయువు పుట్టుక

బార్లీ మాల్టును వేడి నీటిలో నానబెట్టి, వచ్చిన తీపి రసాన్ని హాప్స్ పువ్వులతో కాచి, చల్లార్చి ఈస్ట్ కలిపితే కిణ్వప్రక్రియ మొదలవుతుంది. ఈస్ట్ చక్కెరను ఆల్కహాలుగా, కార్బన్ డయాక్సైడ్‌గా మారుస్తుంది. ఒక గ్లూకోజు అణువు నుండి రెండు ఇథైల్ ఆల్కహాలు అణువులు, రెండు కార్బన్ డయాక్సైడ్ అణువులు ఏర్పడతాయి. పెద్ద పాత్రలో జరిగే మొదటి దశలో ఈ వాయువు చాలా వరకు బయటకు పోతుంది. చప్పగా మిగిలిన బీరుకు నురుగు రావడానికి, సీసాలలో నింపే ముందు కొలిచిన కొద్దిపాటి చక్కెరను కలుపుతారు. మూత బిగించిన తరువాత ఈస్ట్ ఆ చక్కెరను తిని వాయువును విడుదల చేస్తుంది. పోవడానికి దారి లేక ఆ వాయువు బీరులో కరుగుతుంది.

బీరులో కరిగిన వాయువును ఘనపరిమాణాలలో లెక్కిస్తారు. ఒక లీటరు బీరులో ఒక లీటరు వాయువు కరిగి ఉంటే దానిని ఒక ఘనపరిమాణం అంటారు. అది లీటరుకు సుమారు 2 గ్రాములు. సాధారణంగా వివిధ రకాల బీర్లకు ఉండవలసిన పరిమాణాలు ఇవి:

* ఇంగ్లాండు తరహా ఏల్: 1.5 నుండి 2
* లాగర్, అమెరికా తరహా ఏల్: సుమారు 2.5
* జర్మనీ తరహా గోధుమ బీరు: 3.3 నుండి 4.5

చివరి రకానికి మందమైన సీసాలు తప్పనిసరి.

చక్కెర లెక్క

ఒక గ్రాము పంచదార నుండి సుమారు అర గ్రాము కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. అనగా లీటరుకు 4 గ్రాముల పంచదార కలిపితే దాదాపు ఒక ఘనపరిమాణం పెరుగుతుంది. మొదటి దశ ముగిసేసరికి బీరులో కొంత వాయువు ఎలాగూ మిగిలి ఉంటుంది. 20 డిగ్రీల సెల్సియస్ వద్ద అది సుమారు 0.85, 28 డిగ్రీల వద్ద సుమారు 0.7.

ఉదాహరణకు 20 డిగ్రీల వద్ద ఉన్న 20 లీటర్ల బీరుకు లీటరుకు 6 గ్రాముల చొప్పున 120 గ్రాముల పంచదార కలిపారనుకొందాం. దాని నుండి వచ్చేది సుమారు 1.55. ముందే ఉన్న 0.85తో కలిపి మొత్తం 2.4 అవుతుంది. ఇది లాగర్ తరహా బీరుకు సరిపోతుంది. 650 మి.లీ. సీసాకు విడిగా లెక్కిస్తే ఇది 4 గ్రాములు, అనగా సుమారు ఒక చిన్న చెంచాడు మాత్రమే. సీసాకు రెండు చెంచాలు వేస్తే లీటరుకు 12 గ్రాములవుతుంది. అప్పుడు మొత్తం 4కు దగ్గరగా చేరుతుంది. మామూలు సీసాకు అది ప్రమాదకరం. చెంచాల కొలతలో తేడాలు సహజం కనుక, పంచదారను తూకం వేసి కొద్దిపాటి నీటిలో మరిగించి, చల్లార్చి మొత్తం బీరులో ఒకేసారి కలపడం మేలైన పద్ధతి. సరిగా కలవకపోతే కొన్ని సీసాలు చప్పగా, మరికొన్ని పేలే స్థితిలో తయారవుతాయి. అయితే కలిపేటప్పుడు గాలి చేరకుండా నెమ్మదిగా త్రిప్పాలి. చేరిన ఆక్సిజన్ బీరు రుచిని తడిసిన అట్టముక్క వాసన వలె మారుస్తుంది.

మూత బిగించే పద్ధతి

కిణ్వప్రక్రియ పూర్తి అయినదని నిర్ధారించుకోకుండా మూత బిగించరాదు. పాత్ర పైభాగాన బుడగలు ఆగిపోవడం నమ్మదగిన గుర్తు కాదు. హైడ్రోమీటరుతో బీరు సాంద్రతను కొలిచి, రెండు మూడు రోజుల తరువాత మరల కొలవాలి. రెండు కొలతలు ఒకటిగా ఉండి, అది ఆ బీరుకు ఆశించిన చివరి అంకెకు దగ్గరగా ఉంటేనే ఈస్ట్ పని ముగిసినట్లు. సాంద్రత 0.001 తగ్గితే సుమారు అర ఘనపరిమాణం వాయువు పుడుతుంది. కనుక ఇంకా 0.004 తగ్గవలసిన బీరును తొందరపడి సీసాలో నింపితే, కలిపిన చక్కెరకు అదనంగా మరో 2 ఘనపరిమాణాలు చేరుతాయి. ఇంట్లో పేలే సీసాలకు ముఖ్య కారణాలలో ఈ తొందరపాటు ఒకటి.

ఆ తరువాతి పని క్రమం ఇది:

1. సీసాలను పరిశీలించడం: మూతి వద్ద పెచ్చు ఊడినవి, సన్నని బీట గలవి, గాజులో బుడగలు గలవి తీసివేయాలి. ఎండు మడ్డి ఉన్న సీసాను బ్రష్షుతో కడగాలి.
2. క్రిమిరహితం చేయడం: శుభ్రపరచడం వేరు, క్రిమిరహితం చేయడం వేరు. మురికి ఉన్న సీసాపై ఏ మందూ పనిచేయదు. కడిగిన తరువాత ఆహార పాత్రలకు వాడదగిన అయోడిన్ ద్రావణం గాని, ఆమ్ల ద్రావణం గాని వాడతారు. చల్లని సీసాలో సలసల కాగే నీరు పోస్తే గాజు పగులుతుంది. మూతలను కూడా ఇదే ద్రావణంలో ముంచి తీయాలి. ఎక్కువసేపు మరిగిస్తే లోపలి పొర పాడవుతుంది.
3. నింపడం: గొట్టం కొనను సీసా అడుగుకు ఆనించి నింపితే నురుగు రాదు, గాలి చేరదు. మూతి నుండి 2 నుండి 3 సెంటీమీటర్ల ఖాళీ వదలాలి.
4. మూత ఉంచడం: నింపిన సీసాపై మూతను వదులుగా పెట్టి కొద్ది నిమిషాలు ఉంచితే, పైకి వచ్చే వాయువు ఖాళీలోని గాలిని కొంత బయటకు నెడుతుంది.
5. బిగించడం: పరికరాన్ని నిటారుగా ఉంచి ఒకే ఒత్తులో, సమానమైన బలంతో నొక్కాలి. పక్కకు వంగితే మూత ఒక వైపే బిగుస్తుంది.
6. పరీక్షించడం: బిగించిన మూత చేతితో తిరగరాదు. సీసాను తలక్రిందులు చేస్తే తడి కనిపించరాదు. సరిగా బిగిసిన 26 మి.మీ. మూత అంచు వెడల్పు సుమారు 28.6 నుండి 28.8 మి.మీ. వరకు ఉంటుంది.
7. తేదీ వ్రాయడం: మూతపై గాని, చీటీపై గాని నింపిన తేదీ, రకం వ్రాస్తారు.

బిగించే పరికరాలు

ఇళ్ళలో రెండు రకాల పరికరాలు ఎక్కువగా వాడతారు. మొదటిది రెండు చేతుల పరికరం. దీని రెండు పిడులను రెక్కల వలె క్రిందికి వంచితే, దవడలు సీసా మెడ వద్ద ఉన్న గాజు కట్టును పట్టుకొంటాయి. మధ్యనున్న గంట ఆకారపు అచ్చు మూత అంచును క్రిందికి మడుస్తుంది. ఇది చవక, చిన్నది. కాని మెడ కట్టు ఆకారం వేరుగా ఉన్న సీసాలను ఇది సరిగా పట్టుకోలేదు. బలం ఎక్కువైతే మెడ విరుగుతుంది.

రెండవది బల్లపై నిలిపే పరికరం. దీనిలో సీసాను పీటపై ఉంచి ఒకే పిడిని క్రిందికి లాగుతారు. ఒత్తిడి నేరుగా సీసా నిలువునా పడటం వలన మెడ కట్టుతో పని లేదు. సీసాలు ఎక్కువగా నింపేవారికి ఇది అనుకూలం. పూర్వం సుత్తితో కొట్టి బిగించే అచ్చులు కూడా వాడేవారు. గాజు పగిలే ప్రమాదం ఉన్నందున వీటిని మంచి పద్ధతిగా భావించరు.

పింగాణీ మూత గల సీసాకు ఏ పరికరమూ అవసరం లేదు. తీగ మీటను క్రిందికి నొక్కితే బిళ్ళ రబ్బరు వలయాన్ని సీసా మూతికి అదుముతుంది. ఎన్నిసార్లైనా వాడవచ్చును. రబ్బరు వలయం గట్టిపడినా, బీట వారినా మార్చాలి. ఈ రకం మూత కోసం అలంకారానికి చేసిన పలుచని గాజు సీసాలు కూడా బజారులో దొరుకుతాయి. అవి ఒత్తిడికి ఉద్దేశించినవి కావు కనుక బీరుకు పనికిరావు. ప్లాస్టిక్ కూల్‌డ్రింకు సీసాలో నింపితే చేతితో నొక్కి ఒత్తిడిని అంచనా వేయవచ్చును. అందువలన కొందరు మొత్తం సీసాలలో ఒకదానిని ప్లాస్టిక్ సీసాగా ఉంచి, అది గట్టిపడటాన్ని బట్టి మిగిలినవాటి స్థితిని తెలుసుకొంటారు.

ఒత్తిడి, ఉష్ణోగ్రత

ద్రవంలో కరిగే వాయువు పరిమాణం దానిపై గల వాయు పీడనానికి అనులోమానుపాతంలో ఉంటుందని ఇంగ్లాండుకు చెందిన విలియం హెన్రీ 1803లో తెలిపాడు. ఉష్ణోగ్రత పెరిగితే వాయువు కరిగే శక్తి తగ్గుతుంది. సీసాకు ఈ రెండు నియమాలూ వర్తిస్తాయి. 2.5 ఘనపరిమాణాల వాయువు గల బీరు సీసాలో, బయటి గాలి కన్నా అదనంగా ఉండే ఒత్తిడి సుమారుగా ఇలా ఉంటుంది:

* 4 డిగ్రీల వద్ద: 0.7 వాతావరణాలు
* 20 డిగ్రీల వద్ద: 1.9 వాతావరణాలు
* 30 డిగ్రీల వద్ద: 2.8 వాతావరణాలు
* 35 డిగ్రీల వద్ద: 3.2 వాతావరణాలు

సీసా మూతి లోపలి వ్యాసం సుమారు 16 మి.మీ. అనుకొంటే, 20 డిగ్రీల వద్ద మూతను పైకి నెట్టే బలం దాదాపు 4 కిలోల బరువుకు సమానం. 35 డిగ్రీల వద్ద అది ఆరు కిలోలు దాటుతుంది. చల్లని దేశాల పుస్తకాలలో గది ఉష్ణోగ్రత అంటే సుమారు 20 డిగ్రీలు. విజయవాడలోనో, రామగుండంలోనో వేసవిలో ఇంటి లోపలి వేడి అంతకన్నా చాలా ఎక్కువ. అక్కడ నిరపాయమైన సీసా ఇక్కడ నిరపాయం కావాలని లేదు.

మూత బిగించిన సీసాలను 18 నుండి 24 డిగ్రీల మధ్య, చీకటిలో సుమారు రెండు వారాలు ఉంచుతారు. చీకటి ఎందుకనగా, వెలుతురు సోకితే హాప్స్‌లోని చేదు పదార్థం విడిపోయి దుర్వాసన గల గంధక సమ్మేళనం ఏర్పడుతుంది. గోధుమరంగు గాజు ఈ వెలుతురును చాలావరకు ఆపుతుంది. ఆకుపచ్చ గాజు కొంతే ఆపుతుంది. తెల్ల గాజు దాదాపు ఆపదు.

తెరిచే పద్ధతి

మామూలు ఓపెనరు మీట సూత్రంపై పనిచేస్తుంది. దాని కొన మూత నడిమి భాగంపై ఆనుతుంది. పెదవి వంటి అంచు మూత పళ్ళ క్రింద పట్టుకొంటుంది. పిడిని పైకి లేపితే ఆనిన కొన ఆధారబిందువుగా, మూత అంచు భారంగా, చేయి బలంగా పనిచేస్తాయి. భారం మధ్యలో ఉన్నందున ఇది రెండవ తరగతి మీట. పిడి పొడవు ఎక్కువైన కొద్దీ కావలసిన బలం తగ్గుతుంది. మూతను అంచున మాత్రమే లేపడం వలన ఒకవైపు పళ్ళు విచ్చుకొని, లోపలి వాయువు మొదట ఆ సందు నుండి బయటకు పోతుంది.

తెరిచిన క్షణంలో వాయువు హఠాత్తుగా వ్యాకోచించి చల్లబడుతుంది. సీసా మెడ వద్ద కనిపించే సన్నని పొగమంచుకు కారణం ఇదే. ఒత్తిడి పడిపోవడంతో బీరులో కరిగిన వాయువు బుడగలుగా వెలువడుతుంది. చల్లని బీరులో ఈ ప్రక్రియ నెమ్మదిగా జరుగుతుంది. కనుక ఇంటి బీరును తెరిచే ముందు ఒకటి రెండు రోజులు ఫ్రిజ్‌లో నిలువుగా ఉంచడం మంచిది. అలా ఉంచితే ఈస్ట్ మడ్డి అడుగున గట్టిగా పేరుకొంటుంది. గ్లాసును వంచి, ఆపకుండా ఒకే ధారగా పోసి, చివరి ఒక సెంటీమీటరు బీరును మడ్డితో సహా సీసాలోనే వదలుతారు. ఆ మడ్డి హానికరం కాదు, కాని బీరును మసకగా, ఈస్ట్ రుచితో మారుస్తుంది. జర్మనీ తరహా గోధుమ బీరులో మాత్రం దీనిని కావాలనే కలుపుకొంటారు.

తెరిచిన సీసా మూతిపై మరో సీసాతో తడితే నురుగు పొంగి పొర్లుతుంది. 2014లో భౌతిక శాస్త్రవేత్తలు దీని కారణాన్ని వివరించారు. దెబ్బకు పుట్టిన ఒత్తిడి తరంగాలు బీరులోని సూక్ష్మ బుడగలను ముక్కలు చేస్తాయి. అసంఖ్యాకమైన ఆ చిన్న బుడగలలోకి వాయువు వేగంగా చేరి నురుగు పైకి దూసుకువస్తుంది.

పొంగిపోవడానికి కారణాలు

ఏ దెబ్బా లేకుండానే తెరవగానే బీరు పొంగి సగం సీసా ఖాళీ కావడం ఇంటి తయారీదారులకు తరచుగా ఎదురయ్యే సమస్య. దీనికి ముఖ్య కారణాలు:

* చక్కెర ఎక్కువ కావడం, లేదా కిణ్వప్రక్రియ ముగియకముందే నింపడం. ఇటువంటప్పుడు దాదాపు అన్ని సీసాలూ పొంగుతాయి, రుచి మామూలుగానే ఉంటుంది.
* అడవి ఈస్ట్ గాని, బాక్టీరియా గాని చేరడం. మామూలు ఈస్ట్ తినలేని చక్కెరలను కూడా ఇవి తినగలవు. వారాలు గడిచే కొద్దీ ఒత్తిడి పెరుగుతూనే ఉంటుంది. బీరు పుల్లబడటం, పలుచబడటం, మెడ లోపల వలయం వలె పొర ఏర్పడటం దీని గుర్తులు. ఒకటి రెండు సీసాలే పొంగితే ఆ సీసాలు సరిగా కడగలేదని భావించవచ్చు.
* బార్లీకి బూజు తెగులు సోకడం. కొన్ని బూజుల నుండి వచ్చే మాంసకృత్తులు బుడగల పుట్టుకను ప్రేరేపిస్తాయి.
* సీసా గోడలపై గరుకైన మలినాలు మిగలడం.

తీసుకోవలసిన జాగ్రత్తలు

గాజు సీసా పేలితే ముక్కలు దూరం వరకు ఎగురుతాయి. కళ్ళకు, చేతులకు, మెడకు లోతైన గాయాలు కావచ్చును. క్రౌన్ మూత సరిగా బిగిస్తే చాలా గట్టిగా నిలుస్తుంది. అందువలన ఒత్తిడి మితిమీరినప్పుడు మూత ఊడి ప్రమాదం తప్పుతుందని అనుకోరాదు. ముందుగా గాజే పగలవచ్చును. ఒక సీసా పగిలిన శబ్దంతో, కదలికతో పక్కన ఉన్నవి కూడా పగిలే అవకాశం ఉన్నది.

* సీసాలను మూతగల పెట్టెలోనో, మందమైన అట్టపెట్టెలోనో, పిల్లలు తిరగని చోట ఉంచాలి. పొయ్యి దగ్గర, ఎండ తగిలే చోట, వాహనాల డిక్కీలో ఉంచరాదు.
* వారం తరువాత ఒక సీసాను చల్లబరచి తెరిచి చూడాలి. అప్పటికే వాయువు ఎక్కువగా ఉంటే మిగిలినవాటి సంగతి తెలిసిపోతుంది.
* ఒక సీసా పగిలినట్లయితే మిగిలినవాటిని వట్టి చేతులతో తాకరాదు. కళ్ళద్దాలు, మందమైన చేతి తొడుగులు, నిండు చేతుల దుస్తులు ధరించి, మందపాటి తువ్వాలు కప్పి, వీలైతే పెట్టెతో సహా చల్లని చోటుకు మార్చాలి. బాగా చల్లబడిన తరువాతనే తువ్వాలు క్రింద మూతను కొద్దిగా లేపి వాయువును వదలాలి. అనుమానం ఉన్న బీరును పారవేయడమే ఉత్తమం. దానికి పెట్టిన ఖర్చు ఒక కన్ను విలువకు సాటి రాదు.
* మూతను పళ్ళతో తీయరాదు. పంటి పింగాణీ పెచ్చు ఊడిపోతుంది. గోడ అంచుకు, బల్ల అంచుకు కొట్టి తీస్తే సీసా మూతి పగిలి గాజు పొడి బీరులో పడుతుంది. మూతి పెచ్చు ఊడినట్లు కనిపిస్తే ఆ బీరును వడకట్టి కూడా త్రాగరాదు.
* తెరిచేటప్పుడు సీసా మూతిని ముఖం వైపు గాని, ఇతరుల వైపు గాని ఉంచరాదు.
* క్రౌన్ మూతను ఒకసారి తీసిన తరువాత మరల వాడరాదు. వంగిన రేకు, నలిగిన పొర గాలిని ఆపలేవు.

చట్టాలు

ఇంట్లో బీరు తయారీపై దేశదేశాలకు చట్టాలు వేరు. బ్రిటన్‌లో దీనికి ఉన్న లైసెన్సు నిబంధన 1963లో తొలగింది. అమెరికాలో 1920 నుండి 1933 వరకు మద్యనిషేధం అమలులో ఉన్నది. నిషేధం ముగిసిన తరువాత కూడా ఇంటి బీరుకు సమాఖ్య చట్టంలో అనుమతి లభించలేదు. 1978 అక్టోబరులో అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతకం చేసిన చట్టం ద్వారా ఆ అనుమతి వచ్చింది. దాని ప్రకారం ఒక వయోజనుడు ఉన్న ఇంటికి సంవత్సరానికి 100 గాలన్లు, ఇద్దరు లేదా అంతకన్నా ఎక్కువమంది ఉన్న ఇంటికి 200 గాలన్ల వరకు పన్ను లేకుండా తయారు చేసుకోవచ్చును. అమ్మరాదు. రాష్ట్రాల చట్టాలలో మాత్రం తేడాలు మిగిలాయి. అలబామా, మిస్సిసిపి రాష్ట్రాలలో 2013లో గాని ఇది చట్టబద్ధం కాలేదు. జపానులో ఒక శాతం, అంతకు మించి ఆల్కహాలు గల పానీయాన్ని లైసెన్సు లేకుండా ఇంట్లో తయారు చేయడం నిషిద్ధం.

భారతదేశంలో మత్తు పానీయాలు రాజ్యాంగం ప్రకారం రాష్ట్రాల జాబితాలోని అంశం. కనుక ప్రతి రాష్ట్రానికీ వేరు చట్టం ఉంటుంది. ఉమ్మడి ఆంధ్ర ప్రదేశ్‌లో 1968లో వచ్చిన ఎక్సైజు చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా మత్తు పానీయాలు తయారు చేయడం నేరం. 2014లో రాష్ట్ర విభజన తరువాత తెలంగాణ కూడా ఇదే చట్టాన్ని స్వీకరించింది. అందువలన ఇక్కడి పాఠకులకు ఈ విషయం శాస్త్ర విజ్ఞానంగానూ, విదేశాలలో ఉండేవారికి అక్కడి చట్టాలకు లోబడిన అభిరుచిగానూ ఉపయోగపడుతుంది.

తెలుగునాట పోలికలు

సీసాలో మూత బిగించిన పానీయం తెలుగువారికి గోళీ సోడాతో బాగా పరిచయమైనది. గోళీ సీసాను నింపేటప్పుడు వాయువును యంత్రంతో ఎక్కిస్తారు, ఇంటి బీరులో ఈస్ట్ ఆ పని చేస్తుంది. గోళీని క్రిందికి నొక్కినప్పుడు వచ్చే శబ్దం, క్రౌన్ మూత తీసినప్పుడు వచ్చే శబ్దం రెండూ ఒకే కారణంగా, అనగా బంధించిన వాయువు ఒక్కసారిగా విడుదల కావడం వలన కలుగుతాయి.

తాటి, ఈత కల్లు కూడా ఈస్ట్ వలన పులిసేదే. చెట్టు నుండి దించినప్పటికే పులియడం మొదలై నురుగు కడుతూ ఉంటుంది. అందుచేత లొట్టిలో ఉన్న కల్లుకు గాలి ఆడని మూత వేయరు. పులుస్తున్న కల్లును సీసాలో పోసి గట్టిగా బిరడా బిగిస్తే, ఇంటి బీరులో తొందరపడి మూత బిగించినవారికి ఎదురయ్యే ప్రమాదమే ఎదురవుతుంది. ఇంట్లో పులియబెట్టిన అల్లం పానీయాలకు, పండ్ల రసాలకు కూడా ఈ నియమమే వర్తిస్తుంది. వాటిలో ఆల్కహాలు తక్కువైనా వాయువు తక్కువ కాదు.

ఇవి కూడా చూడండి

* బీరు
* కిణ్వప్రక్రియ
* ఈస్ట్
* గోళీ సోడా
* కల్లు
* హెన్రీ నియమం